శాలువాలు పోగా మిగిలిన నాటకం

ఆసిఫాది ప్రొద్దుటూరు. సౌదీలోని అల్ ఖోబర్‌లో తెలుగువాళ్లు పెట్టుకున్న కళాసమితిలో ఆమెను మించిన సీనియర్ నటి లేదు. ప్రతి వార్షికోత్సవానికీ వేదిక ఎక్కుతూనే ఉంది. ఒక ఏడాది గుంపులో ఆడమనిషి, ఒక ఏడాది తెర వెనక ఏడుపు, ఇంకో ఏడాది ముసుగేసిన శవం. శవం వేషం చాలా సహజంగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు కూడా. నోరు తెరిచి మాట్లాడే వేషం మాత్రం ఎవరూ ఇచ్చిన పాపాన పోలేదు. ఇంజనీర్ల భార్యలు అంతమంది ఉండగా, స్టోర్‌కీపర్ ఇష్తియాక్ భార్యకు మాటలెందుకు?

ఈ ఏడాది ఇచ్చారు. ఇష్తియాక్‌కు ఫైనల్ ఎగ్జిట్ పడింది. వచ్చే నెల ఇల్లు ఖాళీ చేసి ఇద్దరూ పూర్తిగా ఊరెళ్లిపోతున్నారు. పోయేవాళ్లు అడిగింది కాదనకపోవడం సమితికి అలవాటు, మళ్లీ వచ్చి అడగరు కాబట్టి. ప్రొద్దుటూరులో ఈ వయసు ఆడదాన్ని పిలిచి వేషమిచ్చే మహానుభావుడెవరూ లేడని ఆసిఫాకు తెలుసు. ఇప్పుడు మాట్లాడితే మాట్లాడినట్టు. లేకపోతే ఆమె నటజీవితం శవం దగ్గరే ఆగిపోతుంది.

నాటకం రాసింది సమితి అధ్యక్షుడు వాజిద్. హైదరాబాద్ మనిషి, పెద్ద కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్. సెలవు అయిపోయి సౌదీకి తిరిగి పోతున్న మొగుడి పెట్టె సర్దుతూ భార్య మాట్లాడే ఘట్టం ఆసిఫాది. "ఓ నా ఎడారి మేఘమా" అని మొదలవుతుంది. ఏ ఇల్లాలైనా మొగుణ్ణి అలా పిలిస్తే ఆ మొగుడు ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాడు. అయినా ఆసిఫా మహా ప్రసాదమనుకుని కంఠస్థం చేసింది.

"ఈ వయసులో నీకెందుకే ఈ యేషాలు? సామాన్లు సర్దుకోక" అన్నాడు ఇష్తియాక్. అందుకని ఆమె మేడమీదికి వెళ్లి, ఆరేసిన బట్టలు తీస్తూ ఆ మాటలు చెప్పుకునేది. అక్కడే ఒకరోజు పై అంతస్తులో ఉండే సెనాదా వింది.

సెనాదాది బోస్నియా. సరయేవోలో పెద్ద రంగస్థల నటి. యుద్ధంలో ఊరి మీద గుండ్లు పడుతుంటే కొవ్వొత్తుల వెలుగులో రాణి వేషాలు వేసింది, తర్వాత సినిమాల్లోకి వెళ్లింది. ఇంజనీరు భర్త వెంట ఖోబర్ వచ్చాక చాలాకాలం ఆమెకు పనే లేదు. ఈమధ్య ఇక్కడ సినిమాలు తీయడం మొదలయ్యేసరికి, తెల్లగా ఉన్న పెద్దావిడ కావాలని ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. అప్పటినుంచి డాక్టరమ్మ వేస్తోంది. ప్రతి సినిమాలోనూ ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చి తల అడ్డంగా ఊపి వెళ్లిపోతుంది. రాణిగా ఏలిన మనిషి ఇప్పుడు తల ఊపి బతుకుతోంది. ఆ లెక్కన శవం వేసినామెకూ ఈమెకూ జోడీ బాగానే కుదిరింది.

ఇద్దరి ఇంగ్లీషూ చెరో కాలు కుంటేది, కలిసి నడిస్తే సరిపోయేది. తెలుగు ముక్క రాకపోయినా సెనాదా అంతా విని, "మొదలుపెట్టగానే నువ్వే ఏడ్చేస్తే ఇక నేనేం చేయాలి?" అంది. "చేతులకు పని చెప్పు. బట్టలు మడత పెడుతూ మాట్లాడు. ఏడవడం మా వంతు."

వార్షికోత్సవం నాడు ముఖ్య అతిథి సెనాదాయే. ఇంటర్నేషనల్ సినిమా నటి ఖోబర్‌లోనే ఉందని తెలిశాక వాజిద్ ఊరుకుంటాడా? హాలు ముందు వరసల్లో కుటుంబాలు, వెనక జుబైల్ లేబర్ క్యాంపుల నుంచి బస్సుల్లో వచ్చిన వెల్డర్లు, ఫిట్టర్లు.

మనవాళ్లు పదిమంది ఒకచోట చేరితే అందులో సగంమందికి సన్మానం జరగాల్సిందే, మిగతా సగం దాన్ని చేయాల్సిందే. ట్రావెల్స్ ఆయనకు శాలువా, కార్గో ఆయనకు శాలువా, హోటల్ ఆయనకు శాలువా. బయట ఎండ మాడ్చేస్తున్నా సరే, ఉన్ని శాలువా. కప్పించుకున్నవాళ్లందరూ రెండు మాటలు మాట్లాడారు. రెండు మాటలంటే ఎంతసేపో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? అందరూ ఫొటోలు దిగి, శాలువాలు కుర్చీల మీదే పారేసి కిందికి దిగిపోయారు.

తెర పక్కన వేషం కట్టుకుని నిలబడ్డ ఆసిఫా దగ్గరికి వాజిద్ వచ్చాడు. "సారీ మేడమ్, టైమ్ అయిపోయింది. హాల్ హ్యాండోవర్ చెయ్యాలె. డ్రామా సమ్మరీ నేనే చెప్పేస్త. మీరు జర ఈ శాలువా ట్రే పట్టుకుని రండి, సెనాదా మేడమ్‌కు కప్పాలె."

 ఆసిఫా ట్రే పట్టుకుంది. ఇన్నేళ్ల అలవాటు మరి.

వాజిద్ ఇంటర్నెట్‌లో దొరికిన సెనాదా జీవితమంతా చదివాడు. ఆమె నాటకం ఒక్కటి కూడా చూడని హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టింది. శాలువా కప్పారు. మైకు ఇచ్చారు.

"నేను నాటకం చూద్దామని వచ్చాను" అంది సెనాదా ఇంగ్లీషులో. "ఎక్కడుంది?"

"మన తెలుగు కల్చర్ అంటే మేడమ్‌కు ప్రాణమట" అని వాజిద్ తెలుగులో చెప్పాడు. మళ్లీ చప్పట్లు.

సెనాదా దిగి ముందు వరసలో కూర్చుని, ఆసిఫా వైపు చూసింది. ఆసిఫా ట్రే తీసుకెళ్లి వాజిద్ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆమె కుర్చీ మీది శాలువా ఒకటి తీసి, దులిపి, మడత పెట్టడం మొదలుపెట్టింది. ఎడారి మేఘం ఎటు పోయిందో, నోట్లోంచి వేరే మాటలు వచ్చాయి.

"నువ్వు పోయేటప్పుడు ఏడ్సేది బాగా అలవాటైపోయిందబ్బా. దాంట్లో కష్టమేం ల్యా. నువ్వు వచ్చేటప్పుడే ఏం చేయాల్నో తెలీడంల్యా." ఇంకో శాలువా తీసింది. "చుట్టమొస్తే కుర్చీ ఏస్తాం. ఇంటాయనకు ఎవరన్నా కుర్చీ ఏస్తారా? కూసోమని ఎవరన్నా అంటారేమోనని చూస్తా నువ్వు నిలబడే ఉంటావు. నువ్వు నిలబడినావని నేనూ నిలబడే ఉంటా. మాట కలిసేతలికి నీ సెలవైపోతాది. మళ్ల పెట్టె సర్దుకుంటా కూసుంటా."

ముందు వరసలో ఇష్తియాక్ తల దించుకున్నాడు. ఫ్యామిలీ వీసా దొరకని రోజుల్లో అతడూ అలా నిలబడినవాడే. శాలువాలన్నీ మడిచి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఆసిఫా ఆగిపోయింది. చప్పట్లు లేవు. వాజిద్ దగ్గాడు, సమితి తరఫున కృతజ్ఞతలు చెప్పాడు, మైకు కట్ అయింది.

అంతా పాడుచేశానేమోనని భయపడుతూ ఆమె మెట్లు దిగుతుంటే, వెనక వరసల్లోంచి ఒకాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పేరు భోజన్న, జుబైల్‌లో వెల్డరు. బాగా చేశారంటే థాంక్యూ అనాలని ఆసిఫా ఎప్పటినుంచో సిద్ధం చేసుకుని ఉంది. అతడు ఆ మాట అనలేదు.

"అక్కా, వచ్చే నెల నేను ఇంటికి పోతున్న. శానా ఏండ్లాయె. పోంగనే ఏం జెయ్యాలె నేను?"

రాసిచ్చిన మాటల్లో దీనికి జవాబు లేదు. 

"చెప్పించుకోకుండా నువ్వే కూసో నాయనా. పక్కన ఆమెకూ చోటియ్యి."

భోజన్న తల ఊపి, చెప్పులు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.

"ఏమంటున్నాడు?" అని సెనాదా అడిగింది. ఇన్నేళ్ల తర్వాత ఇంటికెలా వెళ్లాలో అడిగాడని ఆసిఫా చెప్పింది. సెనాదా ముఖం కాస్త చిన్నబోయింది.

"నాకు పూలు తెచ్చారు, పతకాలిచ్చారు" అంది. "ఇలా ఎవరూ ఎప్పుడూ అడగలేదు."

ఇంటికి వెళ్లేందుకు కారెక్కగానే ఆవిడ ఒంటిమీది శాలువా తీసి వెనక సీట్లో పడేసింది. ఎంత స్నేహితురాలైనా, నటి కదా.