చెమ్మ మచ్చ

ఇళ్ల బ్రోకరు ఇల్లు చూపించేటప్పుడు గోడమీద చెమ్మ మచ్చ ఎక్కడుంటే అక్కడే, దానికి వీపు ఆనించి నిలబడతాడు. సాయంత్రం ఆయన చొక్కాకు అంటిన సున్నం దులపలేక భార్య ఇరవై ఏళ్లుగా సణుగుతూనే ఉంది. ఇప్పుడాయన కడుపుమంటంతా పక్కవీధి అమ్మాయి మీద. ఆ పిల్ల ఖాళీ ఇళ్లను ఫోన్లో వీడియో తీసి, చెమ్మతో సహా నెట్‌లో పెడుతుంది. అయినా రెండు రోజుల్లో జనం వాటిలో అద్దెకు దిగిపోతారు! "స్వేచ్ఛంటే ఇదా? ఇంటి గుట్టు లంకకు చేటన్నారు. ఆ నెట్‌కి తాళం వెయ్యాలి," అని టీకొట్టు దగ్గర గొంతు చించుకుంటాడు. ఇంటికెళ్లి మాత్రం ఆమె వీడియోలు ఒక్కటీ వదలకుండా చూస్తాడు, కింద ఎవరెవరు మెచ్చుకున్నారో చదివి మరీ ఉడుక్కుంటాడు.

నిన్న ఓ కొత్త జంటకు మేడమీది వాటా చూపిస్తూ, అలవాటుగా పడగ్గది గోడకు ఆనుకుని, "గాలీ వెలుతురూ చూడండమ్మా," అన్నాడు.

ఆ జంటలో భార్య నవ్వింది. "కాస్త జరగండి బాబాయ్‌గారూ. మీ వెనక చెమ్మ ఉందిగా, ఆ అమ్మాయి వీడియోలో చూశాం. పాపం, ఏదీ దాచదు."

ఆయన మొహం మాడిపోయింది. చటుక్కున జరిగి, గోడకు ఆనిన గది తలుపు బర్రున లాగాడు.

"దీని వెనక ఇంకోటుంది, దానికన్నా పెద్దది! ఇది చూపించిందా మీ అమ్మాయి?"