గడ కింద నిలబడ్డ అల్లుడు

నిక్కరు జారకుండా మొలతాడుకు ముడేసుకునే వయసు మాది... కేతేపల్లి దగ్గర మా ఊళ్లో కల్లాలు ముగిశాయంటే చాలు, బడి ముందు జాగాలో డప్పు మోగేది. పలకలు అక్కడే పారేసి ఉరికేవాళ్లం. బలం ఆటల కుటుంబం వచ్చింది!

తండ్రి రోలును ఎత్తి నెత్తిమీద పెట్టుకునేవాడు. తల్లి పొట్టమీద బండ పెట్టి సమ్మెటతో పగలగొడితే, ఆమె లేచి దుమ్ము దులుపుకుని నవ్వేది. కొడుకు బస్తాలు నింపిన బండిని పళ్లతో లాగేవాడు. ఇక బిడ్డ లచ్చిమి... తాటిచెట్టంత వెదురు గడ ఎక్కి, కొసన పొట్ట ఆనించి, చేతులు వదిలేసి గిరగిర తిరిగేది. మాకు వాళ్లను మించిన మొనగాళ్లు లోకంలో లేరు.

మొన్న మా మనవరాలు ఫోన్ చూస్తూ పళ్లు నూరుతుంటే ఇదంతా యాదికొచ్చింది. ముసుగులేసుకుని ఆకాశంలో ఎగిరే సూపర్ హీరోల కుటుంబమొకటి ఉందట. వాళ్ల దగ్గరికి ఇప్పుడు కొత్త అసిస్టెంట్ వచ్చాడట. ఇంకా కథే బయటికి రాలేదు, వట్టి వాడి బొమ్మ వచ్చింది. దానికే ఈ పిల్ల రెండు చేతులా తిట్లు టైపు చేస్తోంది.

"ఈడు ఆ ఫ్యామిలీకే సూట్ గాడు తాతా! మొత్తం ఖరాబ్ జేసిండ్రు!"

"ఆ పిలగాన్ని నీకేమన్న సంబంధం జూస్తుండ్రా ఏందే?"

"జోకులొద్దు తాతా. అందరూ గిదే అంటుండ్రు."

అందరూ అట... మా ఊళ్లోనూ ఉండేవారు ఈ అందరూ.

ఒక ఏడు ఆ ఆటల కుటుంబంలోకి కొత్త మనిషి దిగాడు. లచ్చిమి మొగుడు, ఇల్లరికపు అల్లుడు. ఎండిన కందికట్టెలా ఉన్నాడు. రోలు ఎత్తలేదు, బండి లాగలేదు. లచ్చిమి గడ ఎక్కితే కింద చేతులు చాపి, మెడ వెనక్కి వంచి, పైకి చూస్తూ నిలబడ్డాడు. అంతే... అదే ఆయన ఆట!

మా ఊరు ఊరుకుంటుందా? ముందుగా మా బాలయ్య పెద్దబాపు లేచాడు. మంచం దిగాలంటే ఇద్దరు రెక్కలు పట్టుకోవాల్సిన మనిషి.

"ఏ, గీ బక్కోడెవడ్రా! గా ఇంటి ఇజ్జత్ దీసిండు గదరా!"

ఇక మా ఈలలు, మట్టిపెళ్లలు... ఏ పనీ చేతకాని ఊరంతా కలిసి, ఆయనకు ఏ పనీ చేతకాదని తేల్చేసింది.

ఆ కుటుంబంలో ఒక రివాజు ఉండేది. ఆట ఆడిన తెల్లారి ఎవరి చాట వాళ్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. తామేం ఆట ఆడారో చెప్పి గింజలు అడగాలి. ఈ ఊళ్లో అల్లుడి చాట నిండకపోతే వాడిని వాళ్లమ్మ దగ్గరికే తోలేస్తానని మామ అందరి ముందే అన్నాడు.

అల్లుడు మా గుమ్మం ముందుకు వచ్చాడు. మా అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నువ్వేం జేసినవ్ కొడుకా?"

"గడ కింద నిలబడ్డనవ్వా."

"నేను గూడ నిలబడే జూసిన. మరి నాకేమిస్తవ్?"

ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వాం. ఆయనా నవ్వాలని చూశాడు, మూతి వంకర పోయింది. పక్కింటివాళ్లు చాటలో ఉల్లిపొట్టు వేశారు. మా అవ్వ మాట ఆయనకంటే ముందే వాడకట్టంతా తిరిగింది. ఏ గడపకు వెళ్లినా అదే మాట, అదే నవ్వు.

ఆ సాయంత్రమే ఆఖరి ఆట. మామ అల్లుణ్ణి వంటగిన్నెల దగ్గర కూర్చోబెట్టి, మూట కట్టుకొమ్మన్నాడు. తెల్లారితే నార్కట్‌పల్లి పోయి బస్సెక్కాలి. రోలు లేచింది, బండ పగిలింది, బండి కదిలింది. లచ్చిమి గడ పట్టుకుని నిలబడింది... ఎక్కలేదు.

"ఎక్కు బిడ్డా!" అన్నాడు తండ్రి.

"ఆయన్ని నిలబెట్టు బాపూ."

"ఈడు రాకముందు ఎక్కలేదానే?"

"అప్పుడు కింద నువ్వు నిలబడేటోనివి. ఇప్పుడు నీ చూపంతా జనం మీదనే." లచ్చిమి మా వైపు తిరిగింది. "పైకెల్లి జూస్తే మీ అందరి నోర్లే కనవడ్తయ్. చేతులు చాపేది ఆయనొక్కడే."

అంత మాట అనిపించుకున్నా ఒక్కరూ లేచి వెళ్లలేదు... గడ ఆట చూడకపోతే నిద్ర పట్టదు కదా దొరలకు! చివరికి నోరు విప్పింది ఎవరనుకున్నారు? మా పెద్దబాపే.

"ఏ అల్లుడా! ఇగ రావయ్యా, పొద్దువోతాంది!"

అంతే. నిన్న ఈలలు వేసిన నోళ్లన్నీ "అల్లుడా, అల్లుడా" అని ఒక్కటే పిలుపు. ఆయన మూట కింద పెట్టాడు. అరచేతులు ధోవతికి తుడుచుకుని వచ్చి, మా ఎవ్వరి వైపూ చూడకుండా, పైకి చూస్తూ నిలబడ్డాడు. లచ్చిమి ఎక్కింది.

తెల్లారి మా అవ్వే పిలిచి ఆయన చాటలో జొన్నలు పోసింది.

"నువ్వు నిలబడ్డందుకు గాదు కొడుకా, నీ పెండ్లం నోటికి ఇస్తున్న!"

ఓడినా ఒప్పుకునే ఘటం కాదు మా అవ్వ. చాట నిండింది. అల్లుడి మూటను మామే విప్పాడు. మరుసటి ఏడు బాలయ్య పెద్దబాపు పక్క ఊరివాళ్లకు గొప్పగా చెప్తున్నాడు... "గా పిలగాన్ని జూడంగనే జెప్పిన నేను, మొనగాడని!"

ఇదంతా చెప్తే మా మనవరాలు "అది వేరు, ఇది వేరు తాతా" అని మళ్లీ ఫోన్‌లో తల దూర్చింది. రేపు ఆ కొత్తోడి బొమ్మను చొక్కా మీద వేయించుకుని తిరిగేదీ ఇదే... చూస్తుండండి.

మీ ఊళ్లో ఇట్లా ముందు కూతలు పెట్టి, తర్వాత భుజాలకెత్తుకున్న మనిషి ఎవరు? చెప్పండి, అందరం కలిసి నవ్వుకుందాం.

అప్పుడు మేమూ తక్కువ తిట్టలేదు... కానీ తిట్లు తిన్న మనిషి తెల్లారేసరికి చాట పట్టుకుని గుమ్మం ముందు నిలబడేవాడు. ఆ మొహం చూస్తూ జవాబు చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు ఎవరి గుమ్మం ముందుకు ఎవరొస్తారు... తిట్టినంత సేపు తిట్టి, ఫోన్‌ను ఛార్జింగ్‌కు పెట్టి, హాయిగా పడుకుంటున్నారు.