తుర్ఫా పెద్దమ్మ సంతకం పెట్టలేదు

మా పెద్దమ్మ తుర్ఫాకు కోపం ఎక్కువని సౌదీలో మా ఊరు హుఫూఫ్‌లో అందరికీ తెలుసు. పెదనాన్న పోయాక ఖైసరియా బజారు వెనక సందులో మట్టిపొయ్యి పెట్టుకుని, ఖర్జూరం కలిపిన ఎర్ర రొట్టెలు కాల్చి పిల్లల్ని పెంచింది. ఒకసారి ఎవరో దుకాణదారు తన రొట్టెల్ని "తుర్ఫా రొట్టెలు" అని చెప్పి అమ్ముతున్నాడని తెలిసింది. వెళ్లి ఆ దుకాణం ముందు పొద్దస్తమానం నిలబడి, వచ్చిన ప్రతివాడికీ "ఇవి నావి కావు నాయనా" అని చెప్పింది. అరవలేదు, తిట్టలేదు. ఆమె కోపం అలా ఉంటుంది. నిప్పు కాదు, పెనం.

పోయిన శీతాకాలంలో దోహాలో మా అమ్మమ్మ తరఫు బంధువుల పెళ్లి వచ్చింది. మా మేనమామ కొడుకు రాకాన్ తన కారులో తీసుకెళ్తానన్నాడు. ముప్పై ఏళ్లవాడు, దమ్మాంలో మంచి ఉద్యోగం. తండ్రి చిన్నప్పుడే పోతే పెద్దమ్మ పొయ్యి దగ్గరే తిని పెరిగినవాడు. మేం ముగ్గురమే బయల్దేరాం. పెళ్లివారికి ఇవ్వడానికి పెద్దమ్మ ఒక పెద్ద ఈతాకు బుట్ట నిండా రొట్టెలు కాల్చి, తెల్లగుడ్డ కప్పి మూటకట్టింది. తన చేతి మీదుగా వెళ్లే కానుక అదొక్కటే.

ఖతర్ సరిహద్దు ముందు సల్వాలో పెట్రోలు కోసం ఆగాం. మేం టీ తాగుతుంటే రాకాన్ వెనక డిక్కీ తీసి సామాను సర్దాడు.

"ఏంట్రా కెలుకుతున్నావు?" అంది పెద్దమ్మ.

"బుట్ట ఒరుగుతోంది అత్తా, సరిగ్గా పెడుతున్నా."

"నా రొట్టెల మీద నీకింత ప్రేమెప్పుడు పుట్టింది?" అని నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం అదే ఆఖరు.

మన వైపు దాటి ఖతర్ వైపు తనిఖీకి వచ్చాం. సామానంతా దించి యంత్రంలోంచి పంపారు. బుట్ట వచ్చేసరికి యంత్రం ఆపారు. ఒక మహిళా అధికారి, నా వయసు పిల్ల, మర్యాదగానే అడిగింది. "ఈ బుట్ట ఎవరిది?"

"నాది. పిండి నేనే కలిపాను, మూట నేనే కట్టాను" అంది పెద్దమ్మ, కాస్త గర్వంగానే.

"విప్పాలమ్మా."

"విప్పు తల్లీ. ఒకటి తిను కూడా."

ఆ పిల్ల గుడ్డ తీసింది. పై వరస రొట్టెలు ఎత్తగానే కింద ఒక నల్ల సంచి. అందులో మెరిసే గొట్టాలు మూడు, చిన్న చిన్న సీసాలు. ఒక సీసా మూత ఊడి కారిపోయింది. ఎర్ర రొట్టెల నిండా మామిడిపండు సెంటు వాసన.

"ఇవేంటి, కలాలా?" అని పెద్దమ్మ నన్ను అడిగింది.

అధికారే జవాబు చెప్పింది. "వేప్‌లమ్మా. పొగాకు చుట్టకు బదులు ఆవిరి పీల్చే సిగరెట్లు. మా దేశంలోకి తేవడం నిషేధం."

 పెద్దమ్మ ముందు రొట్టెల వైపు చూసింది. తర్వాత నా వైపు. తర్వాత రాకాన్ వైపు. వాడు రెండడుగుల దూరంలో నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. మెడ మాత్రం ఎర్రబడింది.

నేను వాడి పక్కకు వెళ్లి, "చెప్పవేంరా?" అన్నాను.

"నేను చెప్తే నా పేరు ఎక్కుతుంది. పని మీద నెలకోసారి ఇటు రావాలి నేను. అత్తనైతే పెద్దావిడ అని వదిలేస్తారు. నువ్వు ఊరుకో" అన్నాడు గొణుగుతూ.

ఊరుకోవడం ఎందుకు, అధికారిని పిలవడానికి నా చెయ్యి అప్పటికే లేచింది. కానీ పెద్దమ్మ చెవులు బాగానే పనిచేస్తాయి, వాడి మాటలన్నీ వింది.

అధికారి కూడా వాడు అనుకున్నట్టే దయ తలచింది. "అమ్మా, మీకు తెలియక తెచ్చి ఉంటారు. ఇవి స్వాధీనం చేసుకుంటాం. ఈ కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోండి."

"ఏమని ఉంది అందులో?"

"ఈ వస్తువులు మీవని, మళ్లీ తీసుకురారని."

"నావి కావు. పెట్టను."

"బుట్ట మీదే కదమ్మా."

"బుట్ట నాది, రొట్టెలు నావి. ఇవి నావి కావు. ఎవరివో వాళ్లు చెప్పేదాకా నేనిక్కడే కూర్చుంటాను. నాకు కుర్చీ వేయండి."

వేశారు. కూర్చుంది. అబాయా కొంగు సర్దుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎదురుగోడను చూస్తూ కూర్చుంది. మా వెనక కార్లు ఆగిపోయాయి. ఒక కువైటీ ఆయన హారన్ కొట్టి, కుర్చీలో ఈమెను చూసి మానేశాడు. రాకాన్ వచ్చి ఆమె చెవి దగ్గర వంగాడు.

"అత్తా, సంతకమే కదా, పెట్టేయ్. పెళ్లికి ఆలస్యమవుతోంది."

"పెళ్లి నాదా?"

"అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నేను దాచుకునేదేముంది?"

ఆ మాట తగిలింది వాడికి. ఆఖరికి అధికారి దగ్గరికి వెళ్లి, "నావే" అన్నాడు.  ఆమె ఇంకోసారి గట్టిగా చెప్పమంది. ఇంకోసారి చెప్పాడు.

ఆ పిల్ల మొహంలో దయ అంతా పోయింది. వాణ్ని లోపలికి తీసుకెళ్లి చాలాసేపు కూర్చోబెట్టారు. బయటికి పంపేటప్పుడు మా ముందే అంది, "మీ ఊళ్లో దుకాణంలో అమ్ముతారని ప్రతిచోటా చెల్లదు. దుబాయిలో చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. హిందుస్తాన్‌లో అమ్మనివ్వరు. సింగపూర్‌లో దగ్గరుంటేనే నేరం. బయల్దేరే ముందు వెళ్లే దేశంవాళ్ల నియమం చూసుకోవాలి. మధ్యలో విమానం మారే దేశానిది కూడా. తెలియదంటే ఎవరూ వినరు. ఇంకొకరి సామానులో పెట్టి తెస్తే ఆ ఇంకొకరే ఇరుక్కుంటారు. ఈమె సంతకం పెట్టి ఉంటే అది ఈమె పేరు మీదే ఉండిపోయేది."

రొట్టెల్ని పెద్దమ్మ ఒక్కొక్కటే తీసి చెత్తడబ్బాలో వేసింది. నేను సాయం చేయబోతే వద్దంది.

కారు కదిలాక రాకాన్ నెమ్మదిగా మొదలుపెట్టాడు. "హుఫూఫ్‌లో సందుకో దుకాణముంది అత్తా. బహ్రెయిన్‌లోనూ దొరుకుతాయి. రెండు గంటల ప్రయాణంలో అదే నేరమైపోతుందని నాకేం తెలుసు?"

"తెలియనివాడు రొట్టెల కింద దాచడు" అంది పెద్దమ్మ.

దోహా వచ్చేదాకా చేతులకంటిన మామిడి సెంటు వాసనను కొంగుతో తుడుచుకుంటూనే ఉంది.

పెళ్లిలో ఉత్తచేతులతో వెళ్లి కూర్చుంది. ఎందుకు తేలేదని ఎవరూ అడగలేదు, అదే ఆమెకు ఇంకా కష్టమైంది. తిరుగు ప్రయాణంలో వాడి కారెక్కనంది. ఇద్దరం బస్సులో వచ్చాం. దారి పొడుగునా కిటికీలోంచి ఇసుకను చూస్తూ, "పెద్దావిడ అని వదిలేస్తారట" అని తనలో తనే అనుకుంది.

రంజాన్‌లో రాకాన్ తల్లి రాజీకి వచ్చింది. "పోనీలే వదినా, ఏదో ఆవిరి బొమ్మ. పిల్లాడు చేసిన పనికి ఇన్నాళ్లు పట్టుకోవాలా?"

"బొమ్మ సంగతి నాకెందుకు? పీల్చుకుంటాడో, మింగుతాడో వాడిష్టం" అంది పెద్దమ్మ. "ముసలిదాన్ని ఎవరూ వెతకరని నా నెరిసిన జుట్టును వాడు సంచీ చేసుకున్నాడు. వాళ్లు వెతికితే నోరు మూసుకున్నాడు. ఈ రెండోది నేను మర్చిపోను."

పండక్కి రాకాన్ స్వయంగా వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "తప్పు చేశాను అత్తా. అప్పుడే చెప్పాల్సింది" అన్నాడు.

"అవును. అప్పుడే చెప్పాల్సింది" అంది.

లోపలికి రమ్మంది, కాఫీ పోసింది. అతిథికి పోసినట్టు పోసింది. మేనల్లుడికి పోసేటప్పుడు తిట్టేది, చెంప మీద ఒకటి వేసేది. అవేమీ లేవు. వాడు చిన్న కాఫీ గిన్నె, ఫింజాను ఊపి ఇక చాలన్నాడు, కాసేపు కూర్చున్నాడు, వెళ్లాడు.

ఇప్పుడు ఆమెతో ఎవరు ప్రయాణం కట్టినా తమ సంచులు ఆమె ముందు విప్పాల్సిందే. మా ఆయనకు మొన్న ఒళ్లు మండింది. "నన్ను కూడా అనుమానిస్తున్నావా?" అన్నాడు.

"నా చేతిమీద పెరిగినవాణ్నే నమ్మి మోసపోయాను. నువ్వెంత?" అంది. "విప్పు."

ఆయన విప్పాడు.