నూలుచీరలో జపాన్ మేడం

సముద్రంలో కలిసే సన్నటి ప్లాస్టిక్‌ను కొలవడానికి నాలుగు దేశాలు కలిసి చేస్తున్న పని మీద ఆ జపాన్ మేడం వికారాబాద్ వచ్చి మా ఇంట్లో దిగింది. మూసీ నీళ్లను అది పుట్టే అనంతగిరిలోనే పట్టాలట.

ఆమెకు వచ్చిన తెలుగు "జర" ఒక్కటే. ఆకలైనా జర, అలసినా జర, నవ్వుతూ.

నీళ్లు పట్టాల్సిన ఉదయం మాత్రం నవ్వలేదు. వానకు సంచిలోని నూలుబట్టలన్నీ తడిసిపోయాయి. ఒంటిమీద మిగిలింది పాలిస్టర్; అదీ ప్లాస్టికే, దాని పోగులు నీళ్ల సీసాలో పడితే లెక్క తప్పుతుంది. మధ్యాహ్నమే తిరుగు ప్రయాణం.

"ఫికర్ జెయ్యకు బిడ్డా," అంటూ మా అమ్మ తన నూలుచీర ఆమెకు కట్టింది.

అమ్మతో, నాతో అనంతగిరికి వచ్చి, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మేడం మూసీ ఊట దగ్గరికి దిగి సీసాలన్నీ నింపింది. అంతలో ఒకాయన ఖాళీ నీళ్ల ప్యాకెట్ విసరబోయాడు.

"ఏయ్, గీడ పారెయ్యకు! జపాన్ దాంక పోతది!" అని అరిచింది అమ్మ.

తన దేశం పేరు వినబడగానే మేడం సంతోషంగా ఆయనకు వంగి నమస్కరించింది. ఆయన సిగ్గుపడి ప్యాకెట్‌ను జేబులో పెట్టుకున్నాడు.