మోటారు ఆగింది

ఏడేళ్ళుగా ఒక మెసేజ్‌ని మోస్తున్నాను. రెండే మాటలు: మోటారు ఆగింది. రాసింది నేనే. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యం ఇన్నేళ్ళలో రాలేదు.

ఒంగోలులో నాకొక చిన్న షాపుంది. బోరు మోటార్లను ఫోనుతో నడిపే బోర్డులు తయారుచేస్తాను. ఫోన్ చేసి ఒకటి నొక్కితే మోటారు తిరుగుతుంది, రెండు నొక్కితే ఆగుతుంది. తిరిగినా, ఆగినా ఫోనుకి మెసేజ్ వస్తుంది. ఆపమని చెప్పడం వేరు, అది ఆగడం వేరు. అందుకే స్టార్టర్ పెట్టెలో కరెంటు కొలిచే మీటరొకటి పెట్టేవాణ్ణి. బోర్డులోని చిప్ రెండు సన్నటి తీగల మీదుగా దాన్ని అడుగుతుంది: కరెంటు ఇంకా పోతోందా? పోవడం లేదని మీటరు బదులిస్తేనే మెసేజ్ వెళ్ళాలి. మొదట అలాగే రాశాను.

ఆ సన్న తీగలు మోటారు తీగల పక్కనుంచే వెళ్ళేవి. దాంతో బదులు ఒక్కోసారి చెడిపోయి వచ్చేది, ఒక్కోసారి వచ్చేదే కాదు. చిప్ మళ్ళీ అడిగేది, మళ్ళీ ఎదురుచూసేది. మిరపకి తడి పెట్టే రోజుల్లో, మెసేజ్ రావడం లేదని రైతులు నన్ను తిట్టిపోసేవాళ్ళు. మార్చాల్సింది తీగల్ని. ఊరూరా తిరిగి మార్చడానికి బద్ధకించి, ప్రోగ్రాంలో ఒక్క లైను మార్చాను. మూడుసార్లు అడిగినా బదులు రాకపోతే ఆగినట్టే అనుకో, మెసేజ్ పంపెయ్. తిట్లు ఆగిపోయాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. తెలియక చేశానా? లేదు. తెలిసే చేశాను.

దగ్గర్లోని ఒక ఊళ్ళో మిరప వేసిన భార్యాభర్తలకి అలాంటి బోర్డే బిగించాను. ఒకరోజు పొద్దున వాళ్ళ బోరులోంచి నీళ్ళు రాలేదు. కేబుల్ జాయింటు ఊడిందేమోనని ఆయన చేలోకి వెళ్ళాడు. బోర్డుకి ఇచ్చిన నంబరు ఇంట్లో ఉన్న భార్యది. మోటారు ఆపమని ఆమెకి ఫోన్ చేశాడు. ఆమె రెండు నొక్కింది. మెసేజ్ వచ్చింది. ఆగిందని ఆయనకి చెప్పింది. స్టార్టర్ లోపల కరెంటుని కలిపి విడదీసే కాంటాక్టరు విడిపోకుండా అతుక్కుపోయి ఉంది, కరెంటు పోతూనే ఉంది. మీటరు బదులివ్వలేదు. ఆయన జాయింటు మీది టేపు విప్పాడు.

మర్నాడు బోర్డు చూడమని నన్ను పిలిచారు. లాప్‌టాప్ తగిలిస్తే అన్నీ కనబడ్డాయి. రెండు నొక్కినట్టు ఉంది. మూడుసార్లు అడిగినట్టు ఉంది. బదులు లేదు. అయినా మెసేజ్ పంపినట్టు ఉంది. ఆమె గోడవారగా కూర్చుని నన్నే చూస్తోంది. అత్తగారూ మరిదీ పక్కనే ఉన్నారు.

"తమ్ముడూ, నేను రెండే నొక్కాను కదా?" అని అడిగింది.

"రెండే నొక్కారక్కా. ఆ తర్వాత కంగారులో వేలు జారి ఒకటి మీద పడి ఉంటుంది."

అలా అయితే మోటారు తిరుగుతోందని ఇంకో మెసేజ్ రావాలి కదా. అక్కడ ఎవరికీ ఆ మాట తట్టలేదు. నాకు తట్టింది. తట్టినా, వాళ్ళ ముందే కూర్చుని బోర్డులో నమోదైనదంతా చెరిపేశాను. ఆమె తన కుడిచేతిని తిప్పి చూసుకుంది. ఏడవలేదు. నమ్మింది.

ఆ నెలంతా ఊరూరా తిరిగి, నేనమ్మిన ప్రతి బోర్డులో ఆ లైను తీసేశాను, తీగలు మార్చాను. అంతకుముందు లేని ఓపిక అప్పుడెక్కణ్ణుంచి వచ్చింది? ఉచిత సర్వీసని చెప్పాను. రైతులు మజ్జిగ ఇచ్చి మరీ పంపారు.

ఆమె ఇప్పుడు ఫోను ముట్టుకోదట. ఎవరికైనా చేయాలంటే పక్కింటివాళ్ళ చేత చేయించుకుంటుందట. కొడుకుని పొట్టన పెట్టుకుందని అత్తగారు ఇప్పటికీ అంటుందట. ఇవన్నీ ఆ ఊరి రైతులు షాపుకొచ్చినప్పుడు మాటల్లో చెబుతారు. నేను తలొంచుకుని బోర్డు మీద టంకం వేస్తూ ఉంటాను. ఏ ఫోను మోగినా, రెండే నొక్కాను కదా అని ఆమె అడుగుతున్నట్టు ఉంటుంది.

వెళ్ళి ఆమెకే చెప్పొచ్చుగా అంటారేమో మీరు. చెప్పాలి. రెండుసార్లు ఆ ఊరి దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. మీరు నన్ను క్షమించాలని ఇది రాయడం లేదు, అది మీ చేతిలో లేదు. ఇంతవరకూ ఎక్కడా, ఒక చిత్తుకాగితం మీదైనా రాయని వాక్యం ఒకటుంది. అది రాస్తే చాలు, ఈ పూటకి కాస్త ఊపిరి ఆడుతుంది.

ఆమె వేలు జారలేదు.