అద్దాల బట్టకు ఏ బంక?

2011. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. జనగామ స్టేషన్ రోడ్డులో నాది రంగుల దుకాణం. ఆ ఏడాది నేను సామాను ఎంచి ఇచ్చిన ఒక బొమ్మ ముందు మానుకోట ఊరేగింపు మొత్తం ఆగిపోయింది. ఇటు జనగామ నుంచి అటు భూపాలపల్లి దాకా మిక్స్‌డ్ మీడియా అంటే ఏమిటో తెలిసిన దుకాణదారు అప్పట్లో నేనొక్కణ్ణే.

మిక్స్‌డ్ మీడియా అంటే ఒకే బొమ్మలో రంగు, గుడ్డ, కాగితం, మట్టి, ఏది కావాలంటే అది కలిపి వాడటం. వినడానికి సులువుగానే ఉంటుంది. చిక్కంతా వాటికి ఒకదానితో ఒకటి పడకపోవడంలో ఉంది. నూనె రంగు మీద నీళ్ల రంగు నిలవదు. పల్చటి గుడ్డకు బంక రాస్తే ఇవతలికి ఊరి మరక పడుతుంది. అందుకే ఏ వస్తువు కొనాలో చెప్పే ముందు దాని పక్కన ఏం పెడతారో అడగాలి.

ఆ రోజుల్లో మనసు ఒక చోట ఉండేది కాదు. షట్టర్ సగం దించి లోపల కూర్చునేవాణ్ణి. నినాదాలు వినపడితే పూర్తిగా దించడం, పోయాక ఎత్తడం. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే బయటికి పోయి చూడాలనిపించేది. చూసి వస్తే దుకాణంలో ఎవరైనా వచ్చి పోయారేమోనని గుబులు.

అట్లాంటి ఒక మధ్యాహ్నం షట్టర్ కింద నుంచి వంగి ఇద్దరు లోపలికి వచ్చారు. ఒకామె సరోజ టీచర్. ఇంతకుముందు జనగామలో డ్రాయింగ్ చెప్పేది, అప్పటికి మానుకోట బడిలో ఉంది. రెండో ఆమె టీచరు తల్లి, బయ్యారం దగ్గర తండా మనిషి. బస్సులు లేవు, ట్రాలీ ఆటోలో వచ్చారు. సాయంత్రం దారిలో వంటావార్పు ఉంది, రోడ్డు మీద పొయ్యిలు పెడితే ఇక బండి కదలదు. ఆలోపే తిరిగి పోవాలి. తెల్లారి మానుకోట దీక్షా శిబిరం ముందు బొమ్మ నిలబెట్టాలి.

టీచరు ఒక సంచి విప్పింది. అందులో బయ్యారం ఇనుప రాయి పొడి, ముదురు ఎరుపు. బొమ్మ నేలంతా దానితోనే అంది. కింద బూడిద రంగు పట్టీ కావాలంది. చెల్పూర్ కరెంటు ప్లాంటు బూడిద నా దగ్గర ఉందని గొప్పగా చెప్పాను. నడుమ ఏముంటుందంటే తల్లి వైపు చూసింది. ముసలామె ఒళ్లోని మూట విప్పలేదు, గట్టిగా పట్టుకుంది.

"సూపియ్యవే అవ్వా, కాకా ఏం జేస్తడు," అంది టీచరు.

మూటలో అద్దాల బట్ట. ఎర్ర, పచ్చ దారాల మధ్య చిన్న చిన్న అద్దాలు, ఒక్కొక్కదాని చుట్టూ గట్టి కుట్టు. ముసలామె పడుచుతనంలో సొంతంగా కుట్టుకున్నది.

"ఇస్త గని మళ్ల నా పెట్టెల వడాలె," అంది ఆమె నాతో. "కండ్లు పోయినయి సేటు. గిసోంటిది మళ్ల కుట్టలేను."

నేను ముందు ఎనామెల్ వేసిన రేకు చూపించాను. రేకు సపోర్ట్, అంటే బొమ్మను మోసే అడుగు. దాని మీద తెల్ల బంకతో బట్ట అంటిద్దామన్నాను. ఎంతైనా అనుభవం ఉన్నవాణ్ణి కదా, ముందు ముక్క మీద చూడందే ఏ పనీ చేయను. దుకాణం వెనకే ఇల్లు. మా ఇంటామె జాకెట్ ముక్కకు ఆమెతోనే ఒక అద్దం కుట్టించి, రేకుకు అంటించి ఎండలో పెట్టాను. కాసేపట్లో అద్దం కిందికి జారింది. ముక్క మీద బంక మరక తేలింది. ముసలామె దాన్ని వేలితో తడిమి చూసి మూట కట్టేసుకుంది.

అప్పటికి ఊరేగింపు రోడ్డెక్కింది. షట్టర్ దించాను. లోపల చీకటి, ఉక్క. ట్రాలీ వాడు బయట నుంచి తలుపు కొడుతున్నాడు.

రేకు పక్కన పడేసి చెక్క ఫ్రేముకు బిగించిన నల్ల బ్యానర్ గుడ్డ తీశాను. ఇనుప పొడిని జల్లించి బైండర్‌లో, అంటే పొడిని పట్టి ఉంచే జిగురులో కలుపుకోమన్నాను. నడుమ జాగా రంగు లేకుండా వదిలెయ్యాలి. అక్కడ అద్దాల బట్టను అంచుల వెంట పొడుగు టాకాలు, అంటే వదులు కుట్లు, వేసి ఆపాలి. పని అయ్యాక టాకాలు తెంపితే బట్ట బట్టగా చేతికొస్తుంది. ముసలామె అప్పుడు మూట మళ్లీ విప్పింది. సూది మాత్రం కూతురి చేతికివ్వలేదు, మా ఇంటామెకిచ్చింది. ఫ్రేమును ట్రాలీలో ఆనించి వాళ్లు వంటావార్పు కంటే ముందే రోడ్డు దాటారు. ఎర్ర రంగు రాత్రికి ఇంట్లో వేసుకున్నారు. శిబిరం ఎత్తేశాక బట్ట పెట్టెలో పడిందని టీచరు ఫోన్ చేసి చెప్పింది.

ఇప్పుడు కొన్ని దిద్దుకోవాలి. ఊరేగింపు మొత్తం ఆగలేదు. నలుగురైదుగురు ఆగారట, అందులో ఒకాయన చాయ్ ఎక్కడ దొరుకుతుందని అడిగాడట. చెల్పూర్ బూడిద నేను పోయి తెచ్చింది కాదు, బూడిద ఇటుకలు చేసే మనిషి ఇచ్చాడు. మిక్స్‌డ్ మీడియా అన్న మాట కూడా ఆ మధ్యాహ్నం టీచరు నోట వినడమే మొదలు.

నేర్చుకున్నది మాత్రం నిజం. ఆ తర్వాత సామాను కోసం ఎవరొచ్చినా ముందు ఒకటే అడిగేవాణ్ణి: ఇందులో తిరిగి కావాల్సింది ఏది? దానికి బంక తగలనివ్వొద్దు. మిగతావి ఎట్లా అంటించినా పర్వాలేదు.

ఇంతవరకు రాసి మా ఇంటామెకు చదివి వినిపించాను. చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ విన్నది, తలెత్తలేదు.

"ముక్క మీద జూద్దామన్నది నువ్వెప్పుడు? నువ్వు బ్రష్ బంకల ముంచి సక్కగ ఆమె బట్ట మీదికే వోయినవ్. ఆ ముసలామె నీ మణికట్టు వట్టుకున్నది, ఇడువలే. జాకెట్ ముక్క నేను తెచ్చి ఇచ్చేదాంక ఇడువలే."