తాడు అందినంత మేర

వేరుశెనక్కాయలు వలవడంలో కళ్యాణదుర్గం వైపు మస్తానాబీకి సాటి వచ్చేవాళ్లు తక్కువ. మొగుడు పోయాక ఆ కూలితోనే బతుకు లాక్కొస్తోంది. తిట్టే నోరు, తిరిగే కాలు ఊరకుండవంటారు. ఆ ఇంట్లో నోరు తల్లిది, కాలు నాలుగేళ్ల ఫరీన్‌ది. ఇంటి వెనక గట్టు లేని పాడుబావి. పిల్లకు చెవులు వినపడవు, కేకేసినా ఆగదు. అందుకే పనికి పోయేటప్పుడు పాత చీర పేనిన తాడుతో దాన్ని పంచ గుంజకు కట్టేసి పోయేది. అంతకన్నా భద్రం ఏముంటుందని ఆమె ధైర్యం.

ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారు. పిల్లల సంరక్షణ విభాగం నుంచి జయంతి మేడమ్ ఆటో దిగింది. పిల్లను హోమ్‌కు పట్టుకుపోతారని ఊరంతా అప్పటికే తీర్పు చెప్పేసింది.

"నన్ను తిట్టండి, కొట్టండి మేడమ్. నా బిడ్డను మాత్రం తీసకపోవాకండి," అని మస్తానాబీ కాళ్లమీద పడింది.

జయంతి ఆమెను లేపి, "ముందు ఆ బావి చూపించమ్మా," అంది. బావి చూసింది. పిల్ల కాలికి తాడు ఒరుసుకోకుండా చుట్టిన మెత్తటి గుడ్డా చూసింది.

"కట్టడం తప్పే. ఇంకోసారి కట్టకూడదు. అయినా కేసు పెడితే పిల్లకేం ఒరుగుతుంది? పగలు పిల్లను చూసే మనిషి కావాలి," అంది.

ఆ మాటకే మస్తానాబీ ఈనాటికీ నమాజు తర్వాత ఆమె పేరున దువా చేస్తుంది.

జయంతి పంచాయతీ వాళ్ల వెంటపడి బావికి ఇనప జాలీ వేయించింది. చెవుల పరీక్షకు పెద్దాసుపత్రికి తనే తోడు వచ్చింది. పిల్లను అంగన్‌వాడీలో చేర్పించింది. మరి అది మూసేశాక, పొద్దు గూకేదాకా ఎవరు చూస్తారు? ఎదురింటి సుంకమ్మ తలొంచుకుని వచ్చింది.

"నేను చూసుకుంటా మే. అంగన్‌వాడీకి కూడా నేనే తీసకపోతా. ఆ పొద్దు ఫోన్ చేసింది నేనే. తిట్టుకుంటే తిట్టుకో."

మస్తానాబీ తిట్టలేదు. "నువ్వు చెయ్యకపోయింటే ఈ దోవ నాకు యాడ దొరికేదక్కా?" అంటూ ఆమె చేతులు పట్టుకుంది.

మర్నాడు పొద్దున ఫరీన్ తాడు లేకుండా వాకిట్లోకి వచ్చింది. రోజూ తాడు బిగుసుకునే చోటికి రాగానే తనంతట తనే ఆగిపోయింది.

ఎదురుగా సుంకమ్మ చేతులు చాచింది. ఫరీన్ ఒకసారి తన కాలు చూసుకుని, వీధి దాటి పరుగెత్తింది.